డోరీన్ మామయ్య

ఓడ వచ్చిన రోజున తేతూవాకి ఎదురుపడడానికి వైతేయా లోయలో కుక్కలు కూడా ఇష్టపడవు. మనిషి ఆరడుగుల పొడవు, దానికి తగ్గ వెడల్పు. గొంతు విప్పిందంటే అవతలి ఒడ్డున వల బాగుచేసుకునేవాళ్ళు తలెత్తి చూస్తారు. ఆ రోజు రెండు వందల నలభై మంది దిగుతున్నారు. వాళ్ళ మెడల్లో పూలు వేసి, బళ్ళెక్కించి, అడవిలో ఉన్న పాత రాతి అరుగుల దాకా తీసుకెళ్ళి, చూపించి, తినిపించి, మూడింటికల్లా మళ్ళీ రేవులో అప్పజెప్పాలి. పదిహేను బళ్ళు వస్తాయన్నారు, పదకొండు వచ్చాయి. వేడిరాళ్ళ గుంటలో పెట్టిన పంది ఇంకా ఉడకలేదు. పూలహారాల బుట్ట కనిపించడం లేదు.

"మామయ్యా, హారాల బుట్ట ఎక్కడ పెట్టావ్?"

రేవు గట్టు మీద కూచున్న ముసలాయన సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"కోహూ మామయ్యా, నిన్నే."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. బళ్ళ దగ్గరున్న డ్రైవర్లు నవ్వాపుకోలేక తలలు తిప్పుకున్నారు. తేతూవా పళ్ళు నూరింది.

"డోరీన్ మామయ్యా."

"ఏంటి తల్లీ?" అన్నాడాయన వెంటనే, వెన్న రాసినట్టు. "బుట్టా? ఎండ తగలకుండా నా వెనకే పెట్టా."

ఎనభై ఒక్క ఏళ్ళవాడు, తెల్లగడ్డం, రెండు చేతులనిండా పచ్చబొట్లు, ఒకప్పుడు అడవిమేకల వేటలో మా నూకు హీవా దీవి మొత్తానికి పేరుపడ్డవాడు. అలాంటాయన మూడేళ్ళుగా డోరీన్ అంటే తప్ప పలకడం లేదు. చర్చిలో ఫాదరు కొన్నాళ్ళు విసుక్కుని, ఆ తరవాత దారికొచ్చాడు. పిల్లలు మొదటిరోజు నుంచే డోరీన్ తాతా అనడం మొదలుపెట్టారు. అలవాటు పడనిది తేతూవా ఒక్కతే.

జరిగింది ఇది. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా వచ్చే పేర్లన్నీ కోహూ దగ్గర ఉంటాయి. కాగితం మీద కాదు, నోట్లో. ఏ పేరు వెనక ఏ నేల ఉందో, ఏ పేరు ఎవరికి వెళ్ళాలో ఆయనే చెప్పాలి, ఆయనే ఇవ్వాలి. అన్నిటిలోకీ పెద్ద పేరు తహియాకేనా. అడవిలోని పెద్ద అరుగు కట్టించిన ఆడమనిషి పేరు అది. మోసిన మనిషి పోయాక ఇంట్లో పుట్టిన మొదటి ఆడపిల్లకి పోతుంది. ఒక పేరు ఒకే ఒంటి మీద ఉంటుంది కాబట్టి, మోస్తున్న మనిషి బతికుండగా ఇంకొకరికి రాదు. తేతూవా వాళ్ళమ్మ తహియాకేనా. నాలుగేళ్ళ కిందట ఆవిడ పోయేనాటికి ఇంట్లో పసిపిల్ల ఎవరూ లేరు, పేరు ఖాళీగా మిగిలింది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచితే ఏం పోయేది? మరుసటేడు ఓడలో వచ్చిన డోరీన్ అనే ఆస్ట్రేలియా ముసలావిడ ఆ అరుగు దగ్గర నిలబడి ఏదో చెప్పుకుని ఏడ్చిందట. ఈయన కరిగి నీరైపోయాడు. పూర్వం ఒడ్డుకి వచ్చిన పరాయివాణ్ణి చుట్టాన్ని చేసుకోవాలంటే మావాళ్ళు పేర్లు మార్చుకునేవాళ్ళు. నా పేరు నీది, నీ పేరు నాది, ఇక నా చుట్టాలంతా నీ చుట్టాలు. ముత్తాతల కాలంలోనే మూలపడిన ఆ ఆచారాన్ని ఈయన దుమ్ము దులిపి బయటికి తీశాడు. తహియాకేనా ఆవిడకిచ్చేసి, డోరీన్ తను పుచ్చుకున్నాడు.

"పేరు ఊరికే పడుంటే చెదలు పడుతుంది. ఎవరో ఒకరు తొడుక్కుని తిరగాలి" అన్నాడు అడిగినవాళ్ళతో.

ఇప్పుడు, పన్నెండు రోజుల కిందట, తేతూవా కూతురు మోవేకి ఆడపిల్ల పుట్టింది. ఆదివారం జ్ఞానస్నానం. ఇన్ని తరాల్లో తన వంతు వచ్చి కూడా పెద్ద పేరు లేకుండా చర్చికి వెళ్ళే మొదటి పిల్ల తన మనవరాలే అవుతుందని తేతూవాకి తిండి సయించడం లేదు. ఆ డోరీన్ మళ్ళీ ఇదే ఓడలో వస్తోందని ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నిద్ర కూడా లేదు.

"ఎలాగూ వస్తోందిగా, అడిగి తీసేసుకో మామయ్యా" అంది ముందురోజు.

"ఇచ్చింది అడక్కూడదు. అడిగి తెచ్చుకున్న పేరు పిల్లకి అచ్చిరాదు. ఆవిడంతట ఆవిడ ఇవ్వాలి, అరుగు మీద కూచుని."

"నువ్వడక్కపోతే నేనడుగుతా."

"ఇంట్లో ఎవరడిగినా అడిగినట్టే."

"మరి ఆవిడకి ఎలా తెలుస్తుంది? కలొస్తుందా?"

"తెలిస్తే తెలుస్తుంది" అన్నాడు గడ్డం నిమురుకుంటూ. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

డోరీన్ మూడో పడవలో దిగింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, పుల్లలాంటి ఒళ్ళు, చేతికర్ర, తలకి మించిన గడ్డిటోపీ. కోహూ ఎదురెళ్ళి ముక్కుకి ముక్కు ఆనించాడు.

"తహియాకేనా" అన్నాడు.

"డోరీన్" అంది ఆవిడ.

ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. తేతూవాకి ఒళ్ళు మండింది. ఆ పేరు పెట్టి పిలిస్తే వంటింట్లోంచి అమ్మ వచ్చేది. ఇప్పుడు టోపీ పెట్టుకున్న ఈ మనిషి వస్తోంది. ఈవిడ ఈ మూడేళ్ళలో పోయి ఉంటే పేరు దానంతటదే ఇల్లు చేరేది కదా అని ఒక్క క్షణం అనుకుంది. అనుకున్న మరుక్షణం భయమేసి, చేతిలో హారాలున్నా సరే సిలువ గుర్తు వేసుకుంది.

డోరీన్‌ని తన బండిలోనే ఎక్కించుకుంది. కాపలాకన్నట్టు మామయ్య మధ్యలో ఇరుక్కున్నాడు. తేతూవాకి ఇంగ్లీషు ఓడవాళ్ళతో అరిచీ అరిచీ వచ్చింది. విషయాన్ని సుతారంగా సూచించడం అందులో నేర్చుకోలేదు. ఆ మాటకొస్తే ఏ భాషలోనూ నేర్చుకోలేదు.

"మా ఇంట్లో పిల్ల పుట్టింది" అంది గేరు మారుస్తూ. "ఆడపిల్ల."

"ఎంత మంచి కబురు. పేరేంటి?"

"పేరు లేదు."

"ఇంకా పెట్టలేదా?"

"పెట్టడానికి లేదు." మామయ్య మోచెయ్యి వచ్చి డొక్కలో పొడిచింది.

డోరీన్ కొంచెంసేపు శ్రద్ధగా ఆలోచించింది. "షార్లెట్ బాగుంటుంది. మా ఊళ్ళో ఇప్పుడందరూ అదే పెడుతున్నారు."

మామయ్య దగ్గు వచ్చినట్టు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మేం పేర్లు ఊళ్ళోంచి తెచ్చుకోం" అంది తేతూవా. "మా పెద్దవాళ్ళవే పెడతాం. ఈ పిల్లకి పెట్టాల్సింది ఒక్కటే ఉంది. చాలా పాతది."

"అయితే అదే పెట్టండి, ఇంకేం."

స్టీరింగు ఊడి చేతిలోకి వస్తుందేమో అనిపించింది తేతూవాకి.

అరుగుల దగ్గర ఎప్పటి తంతే. పనసచెట్లలా కాసే బ్రెడ్‌ఫ్రూట్ చెట్ల కింద, నాచు పట్టిన నల్లరాళ్ళ మధ్య, రెండు వందల నలభై మంది దోమల మందు పూసుకుంటూ తిరిగారు. ఒకాయన రాతి దేవుడి నెత్తిన నీళ్ళసీసా పెట్టాడు. తేతూవా వెళ్ళి తీసేసింది. ఇంకొకాయన వీటిని మనుషులే కట్టారా, వేరే గ్రహాలవాళ్ళు కట్టారా అనడిగాడు. "మా అమ్మ తరఫువాళ్ళు కట్టారు" అని చెప్పింది. ఒకావిడ ఈ అడవిని ఎన్నింటికి మూసేస్తారని అడిగింది. "మీరు వెళ్ళగానే" అంది తేతూవా. ఆవిడ తలూపి పుస్తకంలో రాసుకుంది.

ఆ పక్కన మామయ్య చెయ్యి పట్టుకుని డోరీన్ పెద్ద అరుగు ఎక్కింది. వెనకవైపు నిలబెట్టిన ఆనుడురాయికి నడుం ఆనించి హాయిగా కాళ్ళు చాపింది. ఆ రాయికి ఆనుకుని కూచునే హక్కు తహియాకేనాది. యాభై ఆరేళ్ళు వచ్చినా తేతూవా ఒక్కసారి కూడా అక్కడ కూచోలేదు. ఏటా దాని చుట్టూ కలుపు తీసేది తనే, నాచు గోకేది తనే, రాయి జరిగితే నడుం పట్టేసేదాకా నెట్టి సరిచేసేది తనే.

తిళ్ళ వేళకి మరో ప్రయత్నం చేసింది. ఆకులో పంది మాంసం, కొబ్బరిపాలలో ముంచిన మేకకూర పెట్టుకుని స్వయంగా పట్టుకెళ్ళింది.

"ఈ రాయికి ఇప్పటిదాకా ఏడుగురు ఆనుకున్నారు" అంది, అడుగుతున్నట్టు లేకుండా ఒక్కో మాటా ఏరుకుంటూ. "ముసలావిడ నుంచి మనవరాలికో మునిమనవరాలికో, ఎవరి చెయ్యీ తప్పకుండా వచ్చింది. ఏడుగురూ ఈ ఇంటివాళ్ళే."

"ఎనిమిదోదాన్ని నేను" అంది డోరీన్, కళ్ళు మెరుస్తుండగా. "నాకెంత గర్వంగా ఉందో నీకు తెలీదు. మా ఇంటి తలుపు మీద కూడా చెక్కించా."

"తలుపు మీదా?"

"ఇత్తడి అక్షరాలు. వందేళ్ళైనా ఊడవన్నాడు చేసినవాడు."

మేకకూర అక్కడ పెట్టేసి తేతూవా దిగొచ్చింది. అడగకూడదు, అరవకూడదు, ఏడవకూడదు. ఇక మిగిలిందేంటి? మామయ్య అరుగు అంచున కూచుని ఎముక చీకుతున్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

రెండింటికి మబ్బు కమ్మింది. ముందే చెప్పి ఉంచిన ప్రకారం మోవే పిల్లని ఎత్తుకుని వచ్చింది. అదే తేతూవా ఆఖరి ఎత్తు. పిల్లని చూస్తేనైనా ఆవిడకి తడుతుందేమోనని. పిల్ల అప్పటికే గుక్కపెట్టి ఏడుస్తోంది.

"ఏదీ, నన్ను ఎత్తుకోనీ" అని డోరీన్ చేతులు చాపింది. "మరి పేరు లేకుండా ఏమని పిలుస్తున్నారు?"

"ఏమీ పిలవం" అంది మోవే. "ఇది ఏడుస్తోంది, దీనికి పాలు పట్టాలి, అంతే."

"పాపం" అని డోరీన్ పిల్లని ఊపుతూ కూచుంది. అంతకుమించి ఏం లేదు. కింద మొదటి బండి హారన్ కొట్టింది. వాన చినుకులు ఆకుల మీద మొదలయ్యాయి. మరో అరగంటలో ఈ మనిషి పడవెక్కుతుంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. మళ్ళీ వస్తుందో రాదో.

తేతూవా ఇక ఆగలేకపోయింది. అడక్కూడదన్నది డోరీన్‌ని. మామయ్యని తిట్టకూడదని ఎవరూ చెప్పలేదు. మా భాషలో అందుకుంది.

"అయిందా నీ సరదా? అమ్మ పోయేముందు నీ చెయ్యి పట్టుకుని ఏమంది? తహియాకేనా జాగ్రత్త తమ్ముడూ అంది. జాగ్రత్త అంటే ఓడెక్కించి పంపమనా? ఇత్తడి అక్షరాలట. ఎక్కడో గొర్రెల ఊళ్ళో, ఎవరూ నోరు తిరిగి చదవలేని తలుపు మీద అమ్మ పేరు. ఇక్కడ అమ్మ మునిమనవరాలు ఇది, అది, దీనికి పాలు పట్టు. నీకు ఆచారమే కావాలి గానీ మనుషులు అక్కర్లేదు. పేరంటే గుడ్డా, తొడుక్కుని తిరగడానికి? తహియాకేనా అని నేను ఆఖరుసారి పిలిచింది శవం చెవిలో మామయ్యా."

ఫోటోలు తీసుకుంటున్నవాళ్ళు ఇదీ కార్యక్రమంలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. మామయ్య ఎముక పక్కన పెట్టి తల వంచుకున్నాడు.

"నన్నేమైనా తిడుతున్నావా?" అనడిగింది డోరీన్ మెల్లిగా. "నా పేరు రెండుసార్లు వినిపించింది."

"నిన్ను కాదు." తేతూవా మొహం తుడుచుకుంది. "మా అమ్మని తలుచుకున్నా."

"మీ అమ్మ పేరు..." అని ఆగింది డోరీన్.

మామయ్య చెట్లపైకి చూశాడు. మోవే నేలచూపులు చూసింది. డోరీన్ తన వెనకున్న రాయిని చేత్తో తడిమి చూసుకుంది, ఒళ్ళోని పిల్లని చూసింది, తేతూవాని చూసింది.

"ఎంత మొద్దునమ్మా నేను" అంది. "షార్లెట్ అన్నాను."

"నేను నిన్నేమీ అడగలేదు" అంది తేతూవా కంగారుగా.

"అడగలేదు. నాకు తెలుసు. ఇచ్చేటప్పుడు ఆయన చెప్పాడు, దీన్ని అడగడం ఉండదు, ఇవ్వడమే ఉంటుందని. నేనే మరిచిపోయా."

కర్ర పక్కన పెట్టి, పిల్లని రెండు చేతుల్తో పైకెత్తి, ఆ బుల్లిముక్కుకి తన ముక్కు ఆనించింది. మూడేళ్ళ కిందట తనకి ఎలా ఇచ్చారో అలాగే, ఊపిరి వదిలి, చెవి దగ్గర మూడుసార్లు పేరు చెప్పింది. ఉచ్చారణ ఎక్కడా తప్పలేదు. రోజూ ఒంటరిగా పలికి చూసుకుంటే తప్ప అలా రాదు.

పిల్ల ఏడుపు ఆపలేదు సరికదా, ఇంకో మెట్టు పైకెళ్ళింది. చెట్టు మీది పావురాలు లేచిపోయాయి.

"అమ్మమ్మ గొంతే" అన్నాడు మామయ్య.

దిగేటప్పుడు దారంతా బురద. రేవు చేరేసరికి మూడుకి ఐదు నిమిషాలుంది. ఆఖరి పడవలోకి జనం ఎక్కుతున్నారు. మామయ్య అలవాటుకొద్దీ "తహియా..." అని పిలవబోయి నాలిక కరుచుకున్నాడు. ఆ సగం మాటకి డోరీన్ వెనక్కి తిరిగి, తనని కాదని గుర్తొచ్చి, ఊరికే టోపీ సర్దుకుంది. అది తేతూవా చూసింది. చూడకపోయినా బాగుండేది.

"మామయ్యా, ఇక ఆవిడ పేరు ఆవిడకిచ్చెయ్యి" అంది గొంతు తగ్గించి.

"ఇద్దామనే అనుకున్నా. నువ్వడిగేశావుగా. ఇప్పుడు వీల్లేదు."

"మామయ్యా."

"ఇంట్లో ఎవరడిగినా అడిగినట్టే" అన్నాడాయన. ఆ మొహంలో నవ్వు లేదు. ఆయనకీ బాధగానే ఉంది. మూర్ఖత్వమూ, బాధా ఒకేచోట పెట్టుకున్న మనిషితో ఎవరేం చెయ్యగలరు?

"ఫర్వాలేదు" అంది డోరీన్. "కార్డు మీద డోరీన్ అనే ఉంది, ఓడెక్కడానికి అది చాలు. ఈయన ఏటా క్రిస్మస్‌కి ఉత్తరం రాసేవాడు, పైన తహియాకేనా అని. మా తపాలా ఆయన గేటు దగ్గర నిలబడి సరదాకి గట్టిగా చదివేవాడు. మా ఆయన రాన్ పోయి పదకొండేళ్ళయింది, పిల్లలు లేరు. పేరు పెట్టి పిలిచేది ఆ ఒక్కరోజే. అందుకని కొంచెం అలవాటైంది, అంతే."

పడవవాడు తాడు విప్పుతూ, ఆఖరి మనిషి ఎక్కాలని అరిచాడు.

పొమ్మను, పోనీ, అనుకుంది తేతూవా. పేరు ఇల్లు చేరింది. రెండు వందల నలభై మందీ చేరారు. తనకి కావలసింది అయిపోయింది. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని పడుకోవచ్చు. ఈ ముసలిదాన్ని ఎవరు రమ్మన్నారు, ఎవరు ఏడవమన్నారు, ఎవరు అంత బాగా పలకడం నేర్చుకోమన్నారు?

"తేతూవా" అంది విసురుగా.

"ఏంటి?" అంది డోరీన్.

"నా పేరు. తీసుకో. పెద్ద పేరేం కాదు. దీని వెనక నేల లేదు, రాయి లేదు. దూరం నుంచి కేకెయ్యడానికి బాగుంటుంది. క్రిస్మస్‌కి నేనే రాస్తా. పలకడం వచ్చా?"

"తేతూవా" అంది డోరీన్. తప్పులేదు. "కానీ బదులివ్వడానికి నా దగ్గరేం లేదే. ఒక్కటుంది. రాన్ పిలిచేది, వంటింట్లో మాత్రమే. అది పేరు అంటారో లేదో."

"చెప్పు త్వరగా, పడవ పోతోంది."

"పిచ్చుక" అంది డోరీన్.

పడవవాడు తాడు వదిలేసి నిలబడ్డాడు. పదకొండుమంది డ్రైవర్లూ తేతూవాని పైనుంచి కిందకి, ఈ చివరి నుంచి ఆ చివరికి చూశారు. ఒక్కడికీ నవ్వే ధైర్యం లేకపోయింది. తేతూవా నడుం వంచి, బాగా వంచి, ఆ గడ్డిటోపీ కింద ముక్కుకి ముక్కు ఆనించింది.

పడవ ఓడ వైపు సగం దూరం పోయింది. టోపీ ఊగుతూనే ఉంది. గట్టు మీద మామయ్య ఖాళీబుట్ట ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు.

"తేతూవా, ఇంటికి పోదామా?"

ఆవిడ సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది.

"నిన్నేనమ్మా, తేతూవా. వానొస్తోంది."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. మామయ్య డ్రైవర్ల వైపు చూశాడు. వాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఆయన గడ్డం ఒకసారి నిమురుకున్నాడు.

"పిచ్చుకా."

"ఏంటి?" అంది ఆవిడ. అవతలి ఒడ్డున వల బాగుచేసుకునేవాళ్ళు తలెత్తి చూశారు.